చెన్నపట్నం అయిదో జోన్

మదరాసు చూడకముందే ఆ ఊరి వీధుల పేర్లు నాకు కంఠతా వచ్చు. మా తాతగారి పుస్తకాల పెట్టెలోంచి ఏ పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పినా అడుగున ఒక చిరునామా ఉండేది. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, టంకశాల వీధి, ముత్యాలపేట, ఎస్ప్లనేడు. చివరి మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: చెన్నపురి. తెలుగు అక్షరం అచ్చు కావాలంటే ఆ వీధుల్లోకి వెళ్ళి రావలసిందేనేమో అనుకునేవాణ్ణి. చాలాకాలం నిజంగా అలాగే జరిగింది. వావిళ్ళవారి ముద్రణాలయం 1854లో ఈ ఊళ్ళోనే పుట్టింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో పెట్టిన ఆంధ్రపత్రికను 1914లో ఇక్కడికి తెచ్చి దినపత్రిక చేశారు. పదేళ్ళ తర్వాత భారతి కూడా ఇక్కడినుంచే వచ్చింది.

ఉద్యోగం దొరికి చెన్నై చేరాక మొదటి ఆదివారమే ఆ వీధులు వెతుక్కుంటూ పోయాను. సెంట్రల్ స్టేషను దాటి, వాల్‌ట్యాక్స్ రోడ్డు దాటి లోపలికి నడిస్తే టంకశాల వీధి కనపడింది. బోర్డు మీద తమిళంలో తంగసాలై అని ఉంది. మాట మన టంకశాలే. కుంపిణీవారి నాణేలు ముద్రించిన చోటు కాబట్టి ఇంగ్లీషులో మింట్ స్ట్రీట్ అయింది. వెండి పళ్ళాలు, స్టీలు గిన్నెలు, పెళ్ళి శుభలేఖలు, రాజస్థానీ మిఠాయిలు, నెత్తిమీద మూటలతో తోసుకుంటూ పోయే కూలీలు. సాయంత్రం దాకా తిరిగాను. తెలుగు బోర్డు ఒక్కటీ కనపడలేదు, తెలుగు మాట ఒక్కటీ చెవిన పడలేదు. పెట్టెలో పుస్తకాల్లాగే ఆ తెలుగు కూడా పాతబడిపోయిందనుకుని దిగులుగా బస్సెక్కాను.

కొన్నాళ్ళకు తెల్లవారుజామున ఒక బంధువును రైలు దించుకోవాల్సి వచ్చింది. రైలు రెండు గంటలు ఆలస్యం అన్నారు. టీ తాగుదామని అదే వీధిలోకి నడిచాను. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. రాత్రి పారేసిన అట్టపెట్టెలు, పూలదండలు, ప్లాస్టిక్ కప్పులు రోడ్డంతా పరుచుకుని ఉన్నాయి. ఆ చెత్త మధ్యలోంచి మాట వినపడింది. "అక్కా, ఆ సందు నువ్వు ఎత్తేయ్, ఈ మూల నేను చూసుకుంటా. మేస్త్రీ వచ్చే టయిమ్ అయిపోయిండాది."

ఇద్దరు ఆడవాళ్ళు. చీరల మీద కార్పొరేషన్ వాళ్ళిచ్చిన కోటు, చేతిలో పొడవాటి కర్ర చీపురు, పక్కన బ్యాటరీ బండి. బండిలో తడి చెత్తకూ పొడి చెత్తకూ వేరువేరు డబ్బాలు. వాళ్ళు మాట్లాడుతున్నది తెలుగు.

"మీది ఏ ఊరమ్మా?" అని అడిగాను.

"ఈ ఊరే సార్. మా తాత కాలంలో నెల్లూరు పక్కనించి వచ్చినారంట. మా అమ్మా ఈ పనే, మా అత్తా ఈ పనే. నేను పుట్టింది ఈడనే."

ఆ మాట విన్నప్పటినుంచి ఈ ప్రాంతాన్ని నేను వేరే కళ్ళతో చూడటం నేర్చుకున్నాను.

కోట చుట్టూ ఊరు

గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ ఇప్పుడు 426 చదరపు కిలోమీటర్లు. 2011లో చుట్టుపక్కల పురపాలక సంఘాలనూ పంచాయతీలనూ కలుపుకోకముందు 176 చదరపు కిలోమీటర్లే. 2011 జనాభా లెక్కల్లో పాత హద్దుల్లో 46 లక్షల మంది ఉన్నారు, కొత్త హద్దులతో చూస్తే 67 లక్షలు. ఉత్తరాన తిరువొత్తియూరు నుంచి దక్షిణాన షోలింగనల్లూరు దాకా 15 జోన్లు, 200 వార్డులు. అందులో అయిదో జోన్ పేరు రాయపురం. 49 నుంచి 63 దాకా పదిహేను వార్డులు దీనివి. ఓడరేవు, హైకోర్టు, జార్జిటౌను, సెంట్రల్ స్టేషను, స్టాన్లీ ఆసుపత్రి చుట్టుపక్కలంతా ఈ మడతలోనే ఇరుక్కుని ఉంటాయి. దక్షిణ భారతంలో మొదటి రైలు బయల్దేరిన రాయపురం స్టేషను కూడా ఇక్కడిదే. 1856 జూలై 1న ఆ రైలు వాలాజా రోడ్డు దాకా వెళ్ళింది. ఆ స్టేషను భవనం ఇంకా నిలబడి ఉంది, స్తంభాలతో సహా.

జోన్ అంటే ఏమిటో చెప్పాలంటే ఇంగ్లండు గుర్తొస్తుంది. అక్కడ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ అని ఒకటి ఉంది. మన జిల్లాతో దానికి పోలిక లేదు. కలెక్టరు ఉండడు, తహసీల్దారు ఉండడు. ఇళ్ళ చెత్త తీయడం, ఇళ్ళ ప్లాన్లు ఆమోదించడం, ఇంటి పన్ను వసూలు చేయడం, ఉద్యానవనాలు చూసుకోవడం దాని పని. మన వైపు దానికి దగ్గరి చుట్టం కార్పొరేషన్ జోన్. పిల్ల పుడితే పేరు రాయించేది ఇక్కడే, మనిషి పోతే కాగితం తెచ్చుకునేది ఇక్కడే. వీధి దీపం, వానకాలువ, ఆస్తిపన్ను, కార్పొరేషన్ బడి, 2013లో మొదలైన అమ్మ ఉణవగం, అన్నీ ఈ గొడుగు కిందివే. రూపాయికి ఇడ్లీ పెట్టే ఆ ఉణవగం ముందు పొద్దున ఏడింటికి మూటలు మోసే కూలీ, ఆసుపత్రిలో ఎవరికో తోడు వచ్చిన పల్లెటూరి ముసలమ్మ, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్ ఒకే వరసలో నిలబడి ఉంటారు. స్థానిక పాలన అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ వరసను చూపిస్తాను.

ఆ ఇంగ్లీషు పోలిక ఊరికే తేలేదు. మేయరు, ఆల్డర్‌మన్, వార్డు అనే మాటలన్నీ ఇంగ్లండు పట్టణాల్లోంచి ఓడెక్కి నేరుగా ఈ అయిదో జోన్‌లో దిగినవే.

1639లో ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకు ఈ ఇసుక దిబ్బను రాసిచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు, చంద్రగిరినుంచి ఏలే విజయనగర రాజు కింద పాలెగాడు. కోట పక్కన వెలిసే ఊరికి తన తండ్రి చెన్నప్ప పేరు పెట్టమన్నాడని చెబుతారు. చెన్నపట్నం అలా వచ్చింది. కంపెనీ తరఫున మధ్యవర్తిత్వం నడిపిన దుబాసీ బేరి తిమ్మన్న కూడా తెలుగువాడే. ఆయన కట్టించిన చెన్నకేశవస్వామి గుడి ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట ఉండేది. ఫ్రెంచివాళ్ళతో యుద్ధాల కాలంలో కోట చుట్టూ ఖాళీ చేయించినప్పుడు దాన్ని పడగొట్టి, తర్వాత పూలబజారు దగ్గర మళ్ళీ కట్టారు. పక్కనే చెన్నమల్లేశ్వరుడు. రెండు గుళ్ళూ ఒకే ప్రాంగణంలాగా ఆనుకుని ఉంటాయి. ఊరి పేరు అక్కడ దేవుడి పేరులో ఇమిడి ఉంది.

పన్ను కోసం పుట్టిన మేయరు

1688 సెప్టెంబరు 29న మదరాసు కార్పొరేషన్ మొదలైంది. దానికి అధికారపత్రం ముందు సంవత్సరం డిసెంబరు 30న లండన్‌లో తయారైంది. బ్రిటన్ బయట కామన్‌వెల్త్ దేశాల్లో ఇంత పాత నగరపాలక సంస్థ మరొకటి లేదు. దాని వెనక ఉన్న ఆలోచన కంపెనీ పెద్ద జోసయ్య చైల్డ్‌ది. కోట ఖర్చుకూ కాలువల ఖర్చుకూ పన్ను వేస్తే పేటలో జనం దుకాణాలు మూసేస్తున్నారు. అదే తమవాళ్ళు కూర్చున్న సభ వేస్తే కడతారు కదా అని ఆయన లెక్క. వచ్చిన డబ్బుతో టౌన్‌హాలు, బడి, జైలు, మురుగు కాలువలు కట్టుకోవాలన్నది ఉద్దేశం.

ఒక మేయరు, పన్నెండుమంది ఆల్డర్‌మన్లు, అరవైమంది బర్జెస్‌లు. మొదటి మేయరు నెథానియల్ హిగిన్సన్, అమెరికాలో పుట్టినవాడు. అప్పటి గవర్నరు ఎలిహూ యేల్, ఈయన పేరుమీదే అక్కడ యేల్ విశ్వవిద్యాలయం ఉంది. ఆ పన్నెండుమందిలో కంపెనీ ఉద్యోగులున్నారు, పోర్చుగీసువాళ్ళున్నారు, వజ్రాల వ్యాపారం చేసే యూదులున్నారు, ముగ్గురు హిందువులూ ఉన్నారు. ఆ ముగ్గురిలో ఒకాయన చిన్న వెంకటాద్రి, బేరి తిమ్మన్న తమ్ముడు. అంటే ఈ దేశంలో మొట్టమొదటి నగరసభ కొలువైన రోజున ఎర్ర అంగీ తొడుక్కుని కూర్చున్నవాళ్ళలో తెలుగు మాట్లాడే మనిషి ఉన్నాడు. ఆ కాలపు ఇంగ్లీషువాళ్ళు మన భాషను జెంటూ అనేవాళ్ళు, పేటలో ఎక్కువ వినపడేదీ అదే.

చైల్డ్ లెక్క మాత్రం తప్పింది. సభలో ఎవరు కూర్చున్నా పన్ను పన్నే అని జనం అనుకున్నారు. వసూళ్ళు సాగలేదు, మేయరు కోర్టులో దావాలు మాత్రం సాగాయి.

నాకు ఆ ఎర్ర అంగీలకన్నా పెదనాయకుడంటే ఆసక్తి. కార్పొరేషన్‌కన్నా ముందునుంచీ ఉన్న పదవి అది, వంశపారంపర్యం. పేట కాపలా అంతా ఆయనది, చేతికింద తలారులు. ఎవరింట్లో దొంగతనం జరిగినా సొమ్ము పట్టి ఇవ్వాలి. పట్టలేకపోతే ఆ నష్టం తానే కట్టుకోవాలి. అందుకు ప్రతిఫలంగా కొంత భూమి, ఊళ్ళోకి వచ్చే సరుకు మీద కొంత రుసుము. పోయిన సొమ్ముకు తన చేతినుంచి జవాబు చెప్పే పోలీసు అధికారిని తర్వాత వచ్చిన ఏ చట్టమూ మనకు ఇవ్వలేదు. 19వ శతాబ్దం మొదట్లో ఆ పదవి రద్దయింది. పేరు మాత్రం పోలేదు. జార్జిటౌనులో పడమటి సగం ఇప్పటికీ పెద్దునాయకన్‌పేటే. తూర్పు సగం ముత్యాలపేట. 1707లో కుడిచేతి కులాలకూ ఎడమచేతి కులాలకూ వీధుల గురించి గొడవలు ముదిరినప్పుడు ఒకరిని ఇటు, ఒకరిని అటు ఉండమని విడదీశారు. ఆ గీత మీద ఇప్పుడు బైకులు నిలిపి ఉంటాయి.

ఈ వీధుల్లో పాలన చరిత్రంతా పేర్లలోనే దాక్కుని ఉంది. వాల్‌ట్యాక్స్ రోడ్డు సంగతి చూడండి. హైదరాలీ గుర్రాలు కోటదాకా వచ్చి వెళ్ళాక, 1769 తర్వాత పేట చుట్టూ గోడ కట్టారు. ఆ ఖర్చు పేటవాళ్ళ దగ్గర గోడపన్నుగా వసూలు చేద్దామనుకున్నారు. చట్టం ఒప్పుకోదని తేలి ఆ పన్ను వసూలే కాలేదు. గోడ పోయింది, పన్ను రానేలేదు, రోడ్డుకు మాత్రం పేరు నిలిచింది. గోడలో మిగిలిన ఒక ముక్క మీద రాయపురం వైపు చిన్న పార్కు కట్టారు. దాన్ని మాడి పూంగా అంటారు, మేడ మీది తోట.

ఏడుబావుల వీధిదీ అలాంటి కథే. కోటకు మంచినీళ్ళ కోసం 1772లో కెప్టెన్ బేకర్ పది బావులు తవ్విస్తే ఏడింట్లోనే తియ్యటి నీళ్ళు పడ్డాయి. ఊళ్ళో కుళాయిలు వచ్చేవరకు, పుళల్ చెరువు నీళ్ళు 1872లో అందేవరకు జనం ఇలాంటి బావుల మీదే బతికారు. మంచినీళ్ళ కథ మన వైపుకే తిరిగి వస్తుంది. సత్యమూర్తి మేయరుగా ఉండగా 1940లో పునాది పడిన పూండి జలాశయానికే 1996లో మొదటిసారి కృష్ణా జలాలు చేరాయి. ఎన్టీఆర్, ఎమ్జీఆర్ ముఖ్యమంత్రులుగా 1983లో మొదలుపెట్టిన తెలుగుగంగ నీళ్ళవి. కండలేరునుంచి కాలువలో వచ్చి సరిహద్దు దాటేటప్పుడు ఆ నీటికి భాష మారదు.

కొత్వాల్ చావడి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. వైశ్యుల కన్యకాపరమేశ్వరి దేవస్థానం చేతిలో ఉన్న కూరగాయల సంత అది. ఊరికంతటికీ కూర అక్కడినుంచే వెళ్ళేది. 1996లో టోకు సంతను కోయంబేడుకు మార్చేశాక ఆ సందులు కొంచెం ఊపిరి పీల్చుకున్నాయి. అమ్మవారికి దసరా మాత్రం ఇక్కడే.

రిప్పన్ భవనం ముందు

సెంట్రల్ స్టేషను బయటికి రాగానే తెల్లగా మెరిసే గడియారపు భవనమే కార్పొరేషన్ కార్యాలయం. జి.ఎస్.టి. హారిస్ గీసిన నమూనా. లోకనాథ మొదలియారు కట్టించాడు. ఏడున్నర లక్షల రూపాయలతో 1913లో పూర్తయింది. స్థానిక స్వపరిపాలన కావాలని 1882లో తీర్మానం తెచ్చిన వైస్రాయి రిప్పన్ పేరు పెట్టారు. ఆయన విగ్రహం ముందు నిలబడి ఉంటుంది. పక్కనే ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాలు. దానికి 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనందగజపతి. అటుపక్కన మూర్ మార్కెట్ ఉండేది, పాత పుస్తకాల స్వర్గం. 1985లో అగ్నికి ఆహుతయింది. మా తాతగారి పుస్తకాల్లో కొన్ని అక్కడ కొన్నవే.

రిప్పన్ ప్రాంగణంలో ఇంకో విగ్రహం ఉంది, తెల్లటి తలపాగాతో. సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంట పుట్టినవాడు, చాకలిపేటలో కాపురం. ఇప్పుడు వాషర్‌మన్‌పేట అంటున్నారుగాని పాత తెలుగు పుస్తకాల్లో అది చాకలిపేటే. కంపెనీ ఎగుమతి చేసే గుడ్డలు ఉతికి ఆరవేసినవాళ్ళ పేట. 1919 చట్టం తర్వాత కార్పొరేషన్‌కు ఎన్నికైన తొలి అధ్యక్షుడు త్యాగరాయ చెట్టి. 1920లో మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రి పదవి ఇస్తామంటే వద్దన్నాడు. అదే సంవత్సరం ఆయన సభలో ఒక చిన్న తీర్మానం పాసయింది. థౌజండ్‌లైట్స్‌లోని కార్పొరేషన్ బడిపిల్లలకు తలకు రోజుకు అణా మించకుండా టిఫిను పెట్టాలని.

ఆ ఒక్క అణా గురించి నాకు ఎంత రాసినా తనివి తీరదు. ఆకలి కడుపుతో వచ్చిన పిల్ల పలక మీద అక్షరం దిద్దలేదని గుర్తించిన పాలకులు మన దేశంలో అప్పటికి ఎందరు? కామరాజ్ 1956లో రాష్ట్రమంతా మధ్యాహ్న భోజనం పెట్టించాడు, ఎమ్జీఆర్ 1982లో పెంచాడు, 2022లో తమిళనాడు ప్రభుత్వం ఉదయం ఉపాహారం మొదలుపెట్టింది. ఇప్పుడు దేశమంతటా సర్కారు బడుల్లో పిల్లలకోసం వంటపొయ్యి వెలుగుతోంది. దాని మొదటి నిప్పు ఒక నగరపాలక సభలో రాజుకుంది. త్యాగరాయనగర్ అంటే మనకు చీరలూ నగలే గుర్తొస్తాయి. 1920లలో చెరువును పూడ్చి కట్టిన ఆ పేటకు ఆయన పేరు పెట్టారు. జి.ఎన్. చెట్టి రోడ్డు, వెంకటనారాయణ రోడ్డు, పానగల్ పార్కు అన్నీ ఆ కాలపు కార్పొరేషన్, జస్టిస్ పార్టీ మనుషుల పేర్లే.

అక్కడినుంచి 1952కు ఎంతో దూరం లేదు. పొట్టి శ్రీరాములు పుట్టింది ఈ అయిదో జోన్‌లోనే, జార్జిటౌనులోని అణ్ణాపిళ్ళై వీధిలో, 1901లో. ప్రాణం విడిచింది మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో, 58 రోజుల నిరాహారదీక్ష తర్వాత డిసెంబరు 15న. మదరాసు మనదే అని మనవాళ్ళు నినాదం ఇస్తే, మేయరు చెంగల్వరాయన్ అధ్యక్షతన కార్పొరేషన్ సభ ఈ ఊరు తమిళులదేనని తీర్మానించింది. ఆ వాదన 1953తో ముగిసింది. కాని తెలుగు పత్రికల్లో దాని నీడ ఇంకా పోలేదు. మదరాసు మీద ఎవరు వ్యాసం రాసినా మనం కట్టిన ఊరు, మనం పోగొట్టుకున్న ఊరు అని రాస్తారు. శెట్లూ శ్రేష్ఠులూ అచ్చుకూటాలూ సినిమా స్టూడియోలూ వస్తాయి అందులో. నేనూ అలాంటి వ్యాసాలు రాసినవాణ్ణే.

ఆ వ్యాసాల్లో దేనిలోనూ చీపురు లేదు.

శ్రీరాములుగారు ఆంధ్ర కోసం దీక్ష చేశారని అందరికీ తెలుసు. అంతకుముందు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఆయన నిరాహారదీక్ష చేశారు. ఏ నెల్లూరు పల్లెలవాళ్ళకు అలాంటి గుడి తలుపులు మూసి ఉన్నాయో, ఆ పల్లెలనుంచే తాతల కాలంలో ఎన్నో కుటుంబాలు మదరాసు చేరాయి. కరువు తరిమింది కొందరిని, కులం తరిమింది అందరినీ. ఊరు మారితే పని మారుతుందనుకున్నారు. కార్పొరేషన్ వాళ్ళకిచ్చింది మళ్ళీ ఆ పనే. తలమీద బుట్టతో పాకీదొడ్ల మలం ఎత్తడం, మురుగుకాలువలోకి దిగడం, వీధులు ఊడవడం. కాగితాల మీద వాళ్ళు ఆది ఆంధ్రులు. తమిళనాట అరుంధతియర్ల జాబితాలో ఆ పేరు కూడా ఉంది. 2009లో ఆ జాబితాలోని ఏడు కులాలకు కలిపి మూడు శాతం లోపలి రిజర్వేషను వచ్చింది.

చెన్నైలో ఇప్పుడు ఆ ఉద్యోగానికి తూయ్మై పణియాళర్, అంటే శుభ్రతా కార్మికులు, అని గౌరవంగా పేరు పెట్టారు. పేరు మంచిదే. పని మాత్రం తాత్కాలికపు పద్దులో ఉండిపోయింది. ఒక్కొక్క జోన్‌లో చెత్త పనిని ప్రైవేటు కంపెనీలకు అప్పగిస్తూ వచ్చారు. 2025లో అయిదో జోన్, ఆరో జోన్ వంతు వచ్చింది. ఏళ్ళతరబడి చేస్తున్న పని పర్మనెంటు అవుతుందన్న ఆశ పోయి, జీతం తగ్గుతుందన్న భయం పట్టుకుంది. ఆగస్టు 1 నుంచి వందలమంది కార్మికులు రిప్పన్ భవనం ముందు పేవ్‌మెంటు మీద కూర్చున్నారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. పదమూడు రోజులు. ఎండలోనూ వానలోనూ టార్పాలిన్ పట్టాల కింద. హైకోర్టు ఖాళీ చేయించమన్నాక 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు వాళ్ళను ఎత్తి బస్సుల్లో తీసుకుపోయారు. మర్నాడు ప్రభుత్వం కార్మికులకు ఉచిత ఉపాహారంతో సహా కొన్ని పథకాలు ప్రకటించింది. వాళ్ళు అడిగింది టిఫిను కాదు, ఉద్యోగం.

2022లో ఈ కార్పొరేషన్‌కు మొదటి దళిత మహిళా మేయరుగా ఆర్. ప్రియ వచ్చారు. 1688నుంచి లెక్కేస్తే ఆ కుర్చీ అంత దూరం నడవడానికి 334 సంవత్సరాలు పట్టింది. ఆ కుర్చీనుంచి ఈ పేవ్‌మెంటుకు ఉన్న దూరం ఎప్పుడు తరుగుతుందా అని ఎదురుచూసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మదరాసు మనదే అని గొంతు చించుకున్న జాతి మనది. ఆ పదమూడు రోజుల్లో మన గొంతు ఎందుకు లేవలేదు? ఈ ప్రశ్న తెలుగు సంఘాలవాళ్ళను నేను సూటిగా అడుగుతున్నాను. ఉగాది కవిసమ్మేళనానికి పిలిచే మనం ఆ పేవ్‌మెంటు దాకా ఒకసారి వెళ్ళి రావలసింది.

చదువు సంగతి ఇంకా బాధ. ఈ ఊళ్ళో ఒకప్పుడు కార్పొరేషనే తెలుగు మీడియం బడులు నడిపింది. 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చాక తమిళం అన్ని బడుల్లో తప్పనిసరి అయింది. తమిళనాట బతికే పిల్లలకు తమిళం రావాల్సిందే, అందులో నాకు వేరే మాట లేదు. కాని ఇంట్లో పొద్దున్న లేచింది మొదలు తెలుగు మాట్లాడే పిల్లలు ఆ భాషలో తమ పేరు రాసుకోలేకపోతే ఒక తరంతో ఆ భాష ఇంటి గడప దగ్గరే ఆగిపోతుంది. తెలుగు అచ్చులు పోసిన వీధుల్లో తెలుగు మాట్లాడే ఆఖరి మనుషులు చాలామంది ఆ అక్షరాలు చదవలేరు.

మొన్న మళ్ళీ తెల్లవారుజామున టంకశాల వీధికి వెళ్ళాను. నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళ మనవరాలు అదే మూలలో ఉంది. గుర్తుపట్టింది. తాతగారి పుస్తకం మొదటి పేజీని ఫోనులో ఫోటో తీసి ఉంచుకున్నాను, చూపించాను. చేతి తొడుగు విప్పి, తడి చెయ్యి కోటుకు తుడుచుకుని ఫోను అందుకుంది. వేలితో పెద్దది చేసి చూసింది.

"తెలుగా సార్ ఇది? నాకు చదవను రాదు. ఏం రాసుండాది?"

అడుగున ఉన్న చిరునామా చదివి వినిపించాను. టంకశాల వీధి, చెన్నపురి.

"టంకశాల అంటే తంగసాలైనే గదా. ఇదే వీధి." ఫోను నాకిచ్చి చీపురు అందుకుంది. "ఈ కొసనించి ఆ పిళ్ళారి గుడి దాకా నా బీటు సార్. అవతల వేరేవాళ్ళది. ఎప్పుడో అచ్చేసిన బుక్కులో కూడా ఉండాదా మా వీధి?"

ఉందమ్మా, అన్నాను. మేస్త్రీ విజిల్ వినపడింది. ఆమె బండి తోసుకుంటూ గుడి వైపు పోయింది.